తడిలో నిప్పు



నేను కృష్ణాజిల్లా ఉంగుటూరు కాపురస్థుడను. ఇదే పేరుగల ఊరు ఏలూరు జిల్లాలో మరియొకటి కలదు. మాకు రావలసిన ఉత్తరములు కొన్ని అక్కడకు పోయి తిరిగి వచ్చుటయు కలదు. నేను చెప్పునది నూజివీడు మామిడితోటలకు చేరువనున్న ఉంగుటూరు. బడిపంతులుగా పనిచేసి విరమించినవాడను. ఇల్లు విడిచి అడవికో, తోటకావలికో, వరద మునిగిన చోటికో పోవునపుడు నిప్పు పుట్టించుటకు ఏయే వస్తువులను వెంట నుంచుకొనవలెనో, వేనిని నమ్మరాదో ఈ పూట మీకు మనవి చేయదలచితిని. అంగడిలో రెండు రూపాయలకు అగ్గిపెట్టె దొరకుచుండగా ఇందులో చెప్పుట కేమున్నదని మీలో కొందరికి తోచవచ్చును. నాకును 1977 వరకు అట్లే తోచుచుండెను.

ఆ సంవత్సరము నవంబరు 19వ తేది శనివారము తుపాను దివిసీమను ముంచివేసినది. సముద్రము గోడవలె లేచి ఊళ్లమీదికి వచ్చినది. ప్రభుత్వపు లెక్క ప్రకారమే దాదాపు పదివేలమంది మరణించిరి. మా ఊరికి సముద్రము దూరము గనుక మాకు గాలియు వానయు మాత్రమే తగిలినవి. అప్పుడు నాకు ఇరువదిరెండేండ్లు. దారులు కొంత తెరపి యిచ్చిన పిమ్మట మా ఊరివారము పదునొకండుగురము బియ్యము, పప్పు, చింతపండు, రెండు గుండిగలు, మంచినీటి డబ్బాలు లారీలో వేసికొని బయలుదేరితిమి. సామానుల పట్టిక వ్రాసినవాడను నేను. డజను అగ్గిపెట్టెల కట్టను గుడ్డసంచిలో వేసి నడుమునకు కట్టుకొన్నవాడను నేనే.

అవనిగడ్డ దాటిన తరువాత ఒకచోట లారీ ముందునకు పోలేదు. మూటలు తలపై పెట్టుకొని నడిచితిమి. త్రోవలో ఒక కాలువకు గండి పడియుండెను. దానిని నడుములోతు నీటిలో దాటితిమి. బియ్యము తడియకుండ ఎంత జాగ్రత్త పడితిమో చెప్పనలవికాదు. నా నడుముననున్న సంచి సంగతి మాత్రము ఎవ్వరికిని జ్ఞప్తికి రాలేదు.

పల్లె చేరుసరికి ప్రొద్దు వాలినది. పల్లె యన్న మాటయే గాని అక్కడ మిగిలినది ఒక రామమందిరపు అరుగు, నాలుగు మొండిగోడలు. అరుగుమీద ముప్పది నలువదిమంది ఉండిరి. వారిలో చిన్నపిల్లలు ఎక్కువ. మూడురాళ్లు పెట్టి గుండిగ ఎక్కించితిమి. నేను సంచి విప్పితిని. పుల్లల తలలు ముద్దయై వ్రేళ్లకు అంటుకొనెను. పెట్టె ప్రక్కలనున్న మందు కాగితముతోసహా ఊడి చేతికి వచ్చెను. పండ్రెండు పెట్టెలలో ఒక్క పుల్లయు పనికి రాలేదు. బియ్యమున్నది, గుండిగ ఉన్నది, నీరున్నది; నిప్పు లేదు. పిల్లలు గుండిగ వంకనే చూచుచుండిరి.

మాతో వచ్చినవారిలో ఒక వృద్ధుడు, కూలిపని చేసికొని జీవించువాడు, మాటాడక తలపాగ విప్పి దాని మడతలోనుండి ఒక చుట్టయు, ఒక అగ్గిపెట్టెయు తీసెను. నీటిలో మనుష్యునికి అన్నిటికంటె పైనుండునది తల గదా! పెట్టెలో తొమ్మిది పుల్లలుండెను. నేను ఆత్రముగా అందుకొని, తడిసిన కొబ్బరిమట్టలను, లారీలోనుండి తెచ్చిన కాగితమును పెట్టి గీచితిని. కాగితము భగ్గుమని మండెను, ఆరెను. మరల గీచితిని, మరల అంతే. ఆరు పుల్లలు అట్లు పోయినవి.

"పంతులుగారూ, ఇంక ఆపండి. నిప్పుకి ముందు తిండి చూడాలి. తర్వాత పుల్ల గియ్యాలి" అని ఆయన పెట్టెను నా చేతిలోనుండి తీసికొనెను. కూలిన ఇంటి వేపచెక్క ద్వారబంధ మొకటి బురదలో పడియుండెను. ఆ ఇంటివాడు అక్కడనే ఉండెను, ఆయనను అడిగిరి. "కొట్టండి" అని అతడు తల త్రిప్పుకొనెను. వృద్ధుడు దానిని గొడ్డలితో నిలువున చీల్చెను. పైన తడి, లోపల పొడి. లోపలి చెక్కనుండి ఈనెలవంటి పేళ్లు, వానికంటె సన్నని పొట్టు, చిటికెనవ్రేలంత ముక్కలు వేరువేరుగా కుప్పలు చేసెను. తన తలపాగలో తడియని కొంగును చింపి, దారములు విడదీసి, నలిపి పొట్టు క్రింద పెట్టెను. ఈ పనికి ఇంచుమించు గంట పట్టెను. ఆకలిగొన్న పిల్లల యెదుట గంటసేపు చెక్క గీకుట చూచుటకు నాకు మనస్సు ఒప్పలేదు. కాని నోరెత్తుటకు నాకు మొగము లేదు. ఏడవ పుల్ల గాలికి పోయినది. ఎనిమిదవ పుల్ల అంటుకొన్నది. మిగిలిన ఒక పుల్లను ఆయన మరల తలపాగలో భద్రము చేసికొనెను.

ఆ రాత్రి నేర్చికొన్నదే నేడు మీకు చెప్పుచున్నాను. నిప్పునకు మూడు అంతస్తులు కలవు. మొదటిది రవ్వ, లేక చిన్న మంట. రెండవది ఆ రవ్వను పట్టుకొను మెత్తని ఎండుపదార్థము. చెకుముకి కాలములో దీనికి దూది వాడెడివారు. మూడవది చిదుగులు. ఈ మూడును కుదిరిన పిమ్మటనే కట్టె. మనము సాధారణముగా మొదటిదానిని గురించియే విచారింతుము. పెట్టెలు కొందుము, లైటరులు కొందుము. తడికాలములో నిప్పు తప్పిపోవునది చాలవరకు రెండవ అంతస్తుననే. కావున మూటలో చోటు స్వల్పముగా నున్నచో రెండు అగ్గిపెట్టెలకు మారుగా ఒక్కటి పెట్టి, మిగిలిన చోటిని దూదికి ఇండు.

ఉత్త దూది చాలదు. అది గాలిలోని తడిని పీల్చుకొనును. అంటుకొన్నను క్షణములో బూడిదయగును. అదే దూదిని వాసెలైనుతో బాగుగ కలిపి ఉండచేసినచో, నీటిలో పడినను లోపలికి తడి సులభముగా దిగదు. అంటించినచో ఒక్కొక్క ఉండ నాలుగైదు నిమిషములు వత్తివలె మండును. దీపపు వత్తికి మనము నూనె పెట్టునది ఇందుకే గదా. అయితే ఆముదమో నెయ్యియో పెట్టి నిలువ చేసినచో కారును, కంపుకొట్టును. వాసెలైనుకు, మైనమునకు ఆ దోషము లేదు. వాడునపుడు మాత్రము ఉండను ఉండగనే అంటింపరాదు; వ్రేళ్లతో చీల్చి పోగులు విప్పవలెను. పోగు విప్పనిదే రవ్వ పట్టదు.

మన ఇండ్లలోనే యున్న మరియొక గొప్ప వస్తువు కర్పూరము. నీటిపై తేలుచు మండగల వస్తువు మన పూజా పళ్లెరములో ఉండగా, దానిని ప్రయాణపు మూటలో పెట్టుకొనువారు అరుదు. బఠాణీగింజంత బిళ్ల తడి చిదుగుల క్రింద వెలిగించినచో అవి ఆరి అంటుకొనుటకు కావలసిన అవకాశము లభించును. దీనికి రెండు లోపములు కలవు. మూత గట్టిగా లేనిచో కొన్ని మాసములలో బిళ్ల గాలిలో కలిసిపోయి డబ్బా ఖాళీయగును. రెండవది, పూజాకర్పూరము విషము. పిల్లలు మిఠాయి యనుకొని నోట వేసికొన్నచో ప్రమాదము. కావున వారికి అందని తావున నుంచవలెను.

ఇక సైకిలు ట్యూబు. నవ్వకుడు! పాత ట్యూబును బొటనవ్రేలి వెడల్పున ముక్కలు కోసి పెట్టుకొన్నచో వానవలన వానికి భయము లేదు. నీరు పీల్చునది కాదు. రవ్వకు అంటుకొనదు గాని, పుల్లమంటకు అంటుకొని, గాలిలోను మండుచుండును. పొగ నల్లగా, చెడుగా నుండును. కావున అది చిదుగులను రాజేయుటకు మాత్రమే. రబ్బరు పూర్తిగా కాలిపోయిన పిమ్మటనే గుండిగ ఎక్కింపవలెను.

నమ్మరాని వానిని గూడ చెప్పెదను. కాగితమును నమ్మకుడు, వానకాలములో అది అందరికంటె ముందు తడియును. మామిడి ఎండాకు మాఘ ఫాల్గుణములలో చిటపట మండును గాని, దానిది వరిగడ్డి మంట వంటిది. చిదుగునకు అంటుకొనులోగా ఆరును. పెట్రోలు ఎన్నడును వలదు. దాని ఆవిరి కంటికి కానరాక నేలవెంట ప్రాకి, పుల్ల గీచినవాని మీదికే మంటయై వచ్చును.

రవ్వ సంగతికి వత్తము. అగ్గిపుల్లను 1827లో ఇంగ్లండులో జాన్ వాకరు అను మందులవర్తకుడు మొదట అమ్మెను. తరువాతి కాలపు పుల్లలలో తెల్ల భాస్వరము వాడుటచే, పనివారి దవడ ఎముకలు కుళ్లిపోవు ఘోరవ్యాధి పుట్టెను; మన దేశములో అట్టి పుల్లలను 1913లో చట్టముచే నిషేధించిరి. మనము నేడు వాడునది స్వీడను దేశమున 19వ శతాబ్ది నడుమ రూపొందిన పద్ధతి. అందులో యుక్తి యేమనగా, మండుటకు కావలసిన మందును రెండుగా విభజించిరి. పొటాసియము క్లోరేటు పుల్ల తలలో నుండును. ఎఱ్ఱ భాస్వరము పెట్టె ప్రక్కన నుండును. రెండును కలిసిననే మంట. ఇంట ఇది క్షేమము. అడవిలో ఇదే చిక్కు. పుల్లలు ఎంత భద్రముగా నున్నను పెట్టె ప్రక్క తడిసినచో అవి ఉత్త పుల్లలే. శివకాశిలో ఈ పరిశ్రమ 1923లో మొదలైనది. 2021 డిసెంబరులో పెట్టె ధర రూపాయినుండి రెండు రూపాయలైనది. కాని పెట్టె ప్రక్క నేటికిని కాగితపు అట్టయే.

దీనికి ప్రతిక్రియ కలదు. కొవ్వొత్తిని పాత గిన్నెలో కరగించి, దించిన తరువాత, పుల్లలను తలనుండి సగము వరకు ముంచి తీసి ఆరబెట్టవలెను. నేను వీనిని గంటసేపు చెంబెడు నీటిలో వేసి తీసి గీచి చూచితిని. మైనమును గోటితో గీకి తుడిచిన పిమ్మట వెలిగినవి. మైనము పూయనివి ముద్దయైనవి. ఇట్టి పుల్లలను, పెట్టె ప్రక్కను కత్తిరించిన ముక్కను, మర మూతగల సీసాలో పెట్టవలెను. అయితే ఆ ముక్కను వేరుగా పాలిథీను కాగితములో చుట్టి పెట్టుడు. పుల్లల తలలకు తగులునట్లు పెట్టినచో, నడకలో రాచుకొని సీసాలోనే అంటుకొనవచ్చును.

లైటరు మంచిదే. దానిలోని గ్యాసు అయిపోయినను పారవేయకుడు. చక్రము క్రిందనున్న ముక్కను మనము రాయి యందుము గాని, అది రాయి కాదు. ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కార్ల్ ఔవర్ 1903లో కనుగొన్న ఫెర్రోసీరియము అను మిశ్రలోహము. చక్రము త్రిప్పినచో రవ్వలు వచ్చుచునే యుండును. విప్పిన దూదికి అవి చాలును. ఇదే లోహమును వ్రేలంత కడ్డీగా చేసి నేడు అమ్ముచున్నారు. కత్తి వీపుతో గట్టిగా గీచినచో సుమారు 3000 డిగ్రీల వేడిగల రవ్వలు రాలును. నీటిలో ముంచి తుడిచి గీచినను పనిచేయును. ఒక కడ్డీ వేలసార్లు గీచుటకు వచ్చును. ఒక్క వస్తువును మాత్రమే ఎన్నుకొనుమని నన్ను నిర్బంధించినచో ఈ కడ్డీనే ఎన్నుకొందును. కాని గీచుట అభ్యాసము లేనివానికి అది ఉత్త ఇనుపముక్క. ఇంట పదిమార్లు చేసి చూచిన తరువాతనే మూటలో పెట్టుడు.

వంటింటి గ్యాసు లైటరును పట్టుకొని పోవువారు కలరు. అది గ్యాసునే అంటించును, దూదిని అంటింపజాలదు. భూతద్దము ఎండయున్ననాడు పనిచేయును. నిప్పు అవసరమైన నాడు తరచు ఎండ యుండదు.

మన పూర్వుల చెకుముకి వేరు. అక్కడ రాలు రవ్వ రాతిది కాదు, ఉక్కుది. గట్టి రాయి ఉక్కునుండి సన్నని పొడిని గీకును. ఆ పొడి గాలిలో మండును. పలుగురాయి మనకు కొదువ లేదు. పాతబడిన ఆకురాయి ముక్క ఉక్కునకు మారుగా వచ్చును. కాని ఈ రవ్వ బలహీనము. ఉత్త దూది దానిని పట్టుట కష్టము. మాడ్చిన నూలుగుడ్డ వెంటనే పట్టును. చిన్న డబ్బాలో నూలుగుడ్డ ముక్కలు పెట్టి, మూతకు చీమదూరునంత రంధ్రము చేసి, నిప్పులపై నుంచవలెను. పొగ ఆగిన తరువాత దించి, పూర్తిగా చల్లారిన పిమ్మట మూత తీసినచో నల్లని గుడ్డ దొరకును. వేడిగా నున్నపుడు తీసినచో అంతయు బూడిదయే.

అంతకంటెను పూర్వము అరణి. శమీవృక్షముపై మొలచిన అశ్వత్థమునుండి తీసిన కట్టెను మథించి నేటికిని యజ్ఞములలో అగ్నిని పుట్టింతురు. అరణ్యపర్వము చివరి కథ మీరెరుగుదురు. బ్రాహ్మణుడు చెట్టునకు తగిలించిన అరణి మృగము కొమ్ములలో చిక్కుకొని పోయినది. దానికొరకు పరుగెత్తి పాండవులు అలసి దప్పిగొనిరి. నలుగురు తమ్ములును కొలనియొడ్డున పడిపోయిరి. ధర్మరాజు యక్షునకు సమాధానములు చెప్పవలసివచ్చెను. మా బడిలో ఈ కథ చెప్పినపుడెల్ల, ఆ బ్రాహ్మణుడు రెండవ అరణిని ఆశ్రమములో ఏల ఉంచుకొనలేదని పిల్లలు అడుగుచుండిరి. నా యొద్ద దానికి సమాధానము లేదు.

చిదుగుల విషయము తోటలవారికి నేను చెప్పనక్కరలేదు. అయినను ఒక్క మాట. నేలమీది పుల్లను ఏరకుడు. అది క్రిందినుండి తడిని పీల్చియుండును. గుబురు మామిడిచెట్టు లోపల, ఆకుల నీడన, కొమ్మకే ఎండి నిలిచిన సన్నపుల్లలు వానలోను కొంత పొడిగా నుండును. విరిచినపుడు ఫెళ్లుమనవలెను, వంగినచో విడిచిపెట్టుడు. సముద్రతీరమున సరుగుడు చిదుగులు వీనికంటె మేలు. ఏదియు దొరకనిచో ఆ వృద్ధుడు చేసినట్లు మణికట్టంత కట్టెను చీల్చి లోపలిదానిని వాడవలెను. కావున కత్తి లేని మూట నిప్పుమూట కాదు.

పుట్టించిన నిప్పును ఆరనీయకుండుట మరియొక విద్య. మన చిన్ననాట కిళ్లీకొట్ల ముందు గుంజకు కొబ్బరిత్రాడు వ్రేలాడుచు, కొన రవులుచు, దినమంతయు చుట్టలవారికి నిప్పు ఇచ్చుచుండుట మీలో పలువురు చూచియుందురు. ఎండిన కొబ్బరిత్రాడు మూరెడు మూటలో నున్నచో ఒకచోటి నిప్పును మరియొకచోటికి కొనిపోవచ్చును. పిడక నివురుగప్పి రాత్రి యంతయు నిలుచును. పుల్లలు తక్కువగా నున్నపుడు ప్రతిపూట క్రొత్తగా గీచుట కంటె ఇదియే మేలు.

రెండు జాగ్రత్తలు. వానకు జడిసి తలుపులన్నియు మూసి గదిలో కుంపటి పెట్టుకొనకుడు. బొగ్గునుండి వచ్చు విషవాయువునకు రంగును వాసనయు లేవు, నిద్రించినవారు మరల లేవరు. రిజర్వు అడవిలో నిప్పు పెట్టుట 1967 నాటి అటవీ చట్టము ప్రకారము నేరము. శ్రీశైలము కాలినడకను పోవువారు నిర్ణయించిన మజిలీలలోనే పొయ్యి పెట్టుకొనవలెను. ఎండాకు రాలిన తోటలలోను నాలుగుమూరల నేల ఊడ్చిన పిమ్మటనే పుల్ల గీయుడు.

ఇవన్నియు వెనుకటి కాలపు మాటలని తలపకుడు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ సింగునగరము మొదలైన పేటలను ముంచినపుడు, ప్రకాశము బ్యారేజి వద్ద కృష్ణ 11 లక్షల 43 వేల క్యూసెక్కులతో వచ్చినపుడు, కరెంటు లేదు, అంగడి లేదు. మేడపైకి ఎక్కిన బంధువుల ఇంట గ్యాసు సిలిండరు పైకి చేర్చిరి. లైటరు క్రింది వంటింట మునిగిపోయెను. చంటిబిడ్డ పాలకు నీరు కాచుటకు ప్రక్క మేడవారిని కేకవేసి అగ్గిపెట్టె విసరించుకొనిరి. మొదటిది నీటిలో పడినది. రెండవది పాలిథీను సంచిలో కట్టి విసరిరి, అది చేరినది.

నా డబ్బా స్టీలుది, పిల్లల పలహారపు డబ్బాయంత, మూత బిగువుగలది. అందులో మైనము పూసిన పుల్లలు ముప్పది, వేరుగా చుట్టిన ప్రక్కముక్కలు రెండు, ఒక లైటరు, ఒక కడ్డీ, వాసెలైను దూది ఉండలు పది, కర్పూరము చిన్నసీసా, ట్యూబు ముక్కలు ఆరు, కొవ్వొత్తి ఒకటి, చిన్నకత్తి ఒకటి ఉన్నవి. ప్రతి సంవత్సరము రోహిణికార్తెలో, వానలకు ముందు, విప్పి చూచి రెండు పుల్లలు గీచి, కర్పూరము తరిగినచో నింపుదును. ఈ యేడు చూచుసరికి సీసా ఖాళీగా నుండెను. మూత వదులు కాలేదు. శ్రావణ శుక్రవారము హారతికి మా ఇంటిలోనివారు తీసికొనిరట. ఇపుడు డబ్బాను దూలమునకు వ్రేలాడదీసితిని.